ముప్పై రెండో నంబరు హాజరు

మా విశ్వవిద్యాలయానికి పునాదిరాయి వేసింది ఒక మంత్రిగారని గేటు పక్కన నల్లరాతి మీద చెక్కి ఉంటుంది. నమ్మకండి. ఆ రాయి వేసింది నేను. మంత్రిగారు తాపీతో ఇంత సిమెంటు అంటించి, ఫొటో దిగి, కారెక్కి వెళ్లిపోయారు. మర్నాటికి రాయి పక్కకి ఒరిగింది. మేస్త్రి వచ్చి మళ్లీ నిలబెట్టాడు. అప్పుడు ఒక మూల పట్టుకున్నది నేనే అని ఇన్నేళ్లుగా ఊరంతా చెప్పుకున్నాను, మనవలకి కూడా చెప్పాను. అసలు సంగతి ఏమిటంటే, మూల పట్టుకున్నది నా పక్కవాడు. నేను మేస్త్రిగారి అన్నం క్యారేజీ పట్టుకున్నాను, చీమలు ఎక్కకుండా.

ఆ పక్కవాడి గురించే ఇప్పుడు రాస్తున్నాను.

ఇప్పుడు ఆ గేటు లోపల సిమెంటు రోడ్లున్నాయి, ఒక్కో శాఖకి ఒక్కో మేడ ఉంది. మేం చేరిన ఏడాది అవేమీ లేవు. డెబ్భైల చివర విజయవాడలో విశ్వవిద్యాలయం అంటే మూడు ముక్కలు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి, వన్ టౌన్‌లో ఒక మిరపకాయల గోడౌను, ఇబ్రహీంపట్నం రోడ్డు పక్కన ఒక పొలం. కాగితాల మీద మాత్రం మొదటి క్యాంపసు, రెండో క్యాంపసు, మూడో క్యాంపసు అని రాసేవారు. ఆ కాగితం చూసి మా నాన్న గుడివాడలో అందరికీ మిఠాయి పంచాడు. తర్వాత ఒకసారి నన్ను చూడటానికి వచ్చి, గోడౌను గుమ్మంలో నిలబడి, తుమ్మి, తిరుగు బస్సెక్కాడు.

లాడ్జిలో ఆఫీసు, ప్రొఫెసర్ల గదులు ఉండేవి. తలుపుల మీద గది నంబర్లు చెరపలేదు. ఎకనామిక్స్ శాఖ తొమ్మిదో నంబరు గది. దానికి అటాచ్డ్ బాత్రూము, ఆ బాత్రూములో లైబ్రరీ. కుళాయి కారిన రోజున పంచవర్ష ప్రణాళికలు తడిసేవి. పెట్టెలు మోసుకుంటూ పెళ్లివారు పైకొచ్చి తలుపు తోసి, "డబుల్ రూముందా అండీ?" అని అడిగేవారు. మా ప్రొఫెసరుగారు తలెత్తకుండా, "అడ్మిషన్లు అయిపోయాయండీ," అనేవారు. గోడకి పాతకాలపు పిలుపుగంట బొత్తాం ఉండేది. ఎవరి మోచెయ్యో తగిలితే కింద ఎక్కడో గంట మోగేది. పలకవలసిన సర్వరు ఆ లాడ్జిలో లేడు, మానేసి ఎన్నాళ్లో అయింది. అయినా గంట మోగాక మేమంతా ఒక్క క్షణం మాట ఆపి తలుపు వంక చూసేవాళ్లం.

ఎం.ఏ. మొదటి సంవత్సరం క్లాసులు గోడౌన్లో. బస్తాలు తీయించి, సున్నం కొట్టించి, బెంచీలు వేశారు. గోడల్లోకి ఇంకిన ఘాటు మాత్రం ఎక్కడికీ పోలేదు. గోడకి వీపు ఆనిస్తే తుమ్ము, బోర్డు తుడిస్తే తుమ్ము. హాజరు పిలిచే మాస్టారు ముక్కుకి తడి రుమాలు కట్టుకుని, దించిన తల ఎత్తకుండా నంబర్లు చదివేవారు. మేమూ రుమాళ్ల వెనక నుంచే "ప్రెజెంట్ సార్" అనేవాళ్లం. నలభై గొంతులూ బొంగురుపోయి ఒకటే గొంతయ్యేవి. ఒకడి బదులు ఇంకొకడు పలకడానికి, అదే ప్రాక్సీ చెప్పడానికి, అంతకంటే అనువైన విద్యాలయం ఈ భూమ్మీద ఎవరూ కట్టలేరు.

నాకు చిన్నప్పటి నుంచీ గొంతులు తీసే విద్య, అదే మిమిక్రీ, ఉంది. ఒకే పూట పదకొండు మందికి ప్రాక్సీ చెప్పానని క్యాంపసులో పేరు. ఆ పేరు పుట్టించింది కూడా నేనే. నలుగురికి మించి ఎన్నడూ చెప్పలేదు, ఆ నలుగురిలో ముగ్గురి దగ్గర దొరికిపోయాను. నా పక్కన కూర్చునే ముప్పై రెండో నంబరు విషయంలో మాత్రం ఒక్కసారీ దొరకలేదు. వాడు "ప్రెజెంట్ సార్" అనడు. "ప్రెజెంట్సా" అని, ఆఖరి అక్షరం మింగేసి, చిన్న గుటక వేస్తాడు. ఆ గుటకతో సహా వాడి గొంతు నా గొంతులో అతికినట్టు కూర్చునేది.

నాది ముప్పై ఒకటి. ఇద్దరం వన్ టౌన్‌లో కొండవాలున మెట్ల వీధిలో ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. వాడిది దివిసీమలో, సముద్రం హోరు ఇంట్లోకి వినపడే ఊరు. తండ్రి మిషన్ బడిలో పంతులు, ఆదివారం ఆయనే గుళ్లో బైబిలు వాక్యం చదివేవాడు. ఒక అక్క బందరు ఆస్పత్రిలో నర్సు. వాడు పొద్దున్నే గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సుకి వెళ్లి, పరీక్షల గైడ్లకి ప్రూఫులు దిద్దేవాడు. చాలా రోజులు ఆ పని అయ్యేసరికి మా క్లాసులు అయిపోయేవి. ముప్పావు వంతు హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. అందుకని వాడి బదులు నేను పలికేవాణ్ణి. వాడు గదికొచ్చి చొక్కా విప్పుతూ అడిగేవాడు.

"ఇవాళ నేను క్లాసులో ఏం చేశాన్రా?"

"డిమాండ్ సూత్రం దగ్గర సారుని ఇరుకున పెట్టావు."

"అబ్బో. సారేమన్నాడు?"

"తుమ్మాడు."

"నాకంటే నా ప్రాక్సీ బాగా చదువుతున్నాడ్రోయ్. మార్కులు వాడికే వెయ్యమందాం."

నవంబరులో వాళ్ల ఊళ్లో కోతల పండగ. కొత్త పంటలో తొలి భాగం గుళ్లో పెట్టి ప్రార్థన చేసుకుంటారు. శుక్రవారం వాడు బయలుదేరాడు. బస్‌స్టాండు దాకా నేనూ వెళ్లాను. వాడి చంకలో ఇంత మందాన కాగితాల కట్ట. ప్రెస్సులో ఒకవైపే తప్పు అచ్చు పడ్డ కాగితాలు. రెండోవైపు తెల్లగా ఉంటాయి కదా, నాన్న బళ్లో పిల్లలు లెక్కలు చేసుకుంటారని పట్టుకెళ్తున్నాడు.

"సోమవారం పొద్దుటికి వచ్చేస్తాలే. రాకపోతే నువ్వున్నావుగా," అన్నాడు కిటికీలోంచి.

"నేనుండగా నీకు ఆబ్సెంట్ పడదురా," అన్నాను.

శనివారం పొద్దుటి నుంచే గాలి మొదలైంది. సాయంత్రానికి మా మెట్ల వీధిలో పెంకులు ఒక్కొక్కటే లేచి ఎగరడం చూశాను. కొండమీద రేకుల ఇళ్లు రాత్రంతా ఏడ్చినట్టు మోగాయి. ఆదివారం లేచేసరికి ఊళ్లో కరెంటు లేదు, రోడ్లకి అడ్డంగా చెట్లు. మా కష్టం మాకే పెద్దదనిపించింది. గాలివాన వెలిసిందనుకున్నాం. కిందన, సముద్రం వైపున, గాలితో పాటు నీళ్లు కూడా వచ్చాయన్న సంగతి ఊళ్లోకి ఒక్కసారిగా రాలేదు. దివి వైపు బస్సులు లేవు, తంతి తీగలు తెగిపోయాయి.

సోమవారం క్లాసుల్లేవు. మంగళవారం మాస్టారు వచ్చారు. పైకప్పు కారి గోడౌనంతా తడిసింది. తడి మిరపకాయ వాసన పొడి ఘాటుకంటే చెడ్డది, కళ్లల్లో కూర్చుంటుంది. సగం బెంచీలు ఖాళీ. మాస్టారు మామూలుగానే తలదించుకుని పిలిచారు. థర్టీ వన్. పలికాను. థర్టీ టూ. పలికాను. గుటక కూడా వేశాను. బస్సుల్లేక ఊళ్లో ఇరుక్కుపోయి ఉంటాడు, రెండు రోజుల్లో వస్తాడు అనుకున్నాను.

బుధవారం కూడా అలాగే అనుకుని పలికానని చాలాకాలం చెప్పుకున్నాను. అది అబద్ధం. బుధవారం పొద్దున్నే బస్‌స్టాండుకి వెళ్లొచ్చాను. అవనిగడ్డ వైపు నుంచి నడిచీ, లారీ ఎక్కీ వచ్చిన మనుషులు అక్కడ సిమెంటు బల్లల మీద కూర్చుని ఉన్నారు. ఒకాయన్ని వాడి ఊరి పేరు చెప్పి అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆ ఊరు ఎక్కడుందో ఇప్పుడు నువ్వెళ్లి చెప్పాలి నాయనా," అన్నాడు. ఆ మాట విని, నడుచుకుంటూ గోడౌనుకి వచ్చి, నా చోట కూర్చుని, మాస్టారు థర్టీ టూ అనగానే పలికాను. ఎందుకు పలికానంటే, పలక్కపోతే ఆయన ఆ గడిలో ఆబ్సెంటని ఇంగ్లీషు 'ఏ' వేస్తారు. ఆ అక్షరం వేయించడం నా చేత కాలేదు.

గురువారం పేపర్ల నిండా ఆ వార్తే. ఆ రోజు నోరు పెగల్లేదు. మాస్టారు థర్టీ టూ అన్నారు, ఆగారు, గడిలో ఏదో వేశారు. పేపరు ఆయనా చదివే ఉంటారు. అయితే ఆయనకి మేం నంబర్లమే గాని ఊళ్లం కాదు.

శుక్రవారం జరిగింది మాత్రం ఇప్పటికీ నాకు ఒక పట్టాన తేలదు. ఆయన థర్టీ టూ అనగానే దగ్గు వినిపించింది. ఒకే ఒక్క దగ్గు, చివర గుటక. మాస్టారు హాజరు వేసి ముందుకెళ్లిపోయారు. క్లాసంతా తిరిగి నా వంక చూసింది. నేను కాదని తల అడ్డంగా ఊపాను. నా పక్కన బెంచీ ఖాళీగా ఉంది. అక్కడ తడి ఆరని చెక్క, దాని మీద వాడు పిన్నుతో గీసిన చిన్న పడవ బొమ్మ. తర్వాతి రోజుల్లో ఈ కథ హాస్టళ్లలో బాగా ఆడింది. పరీక్షల దాకా రోజూ దగ్గు వినిపించేదనీ, బెంచీ వెచ్చగా ఉండేదనీ చెప్పేవాణ్ణి. బెంచీ వెచ్చగా లేదు. దగ్గు ఒక్కసారే. అది నా గొంతులోంచి నాకు తెలియకుండా వచ్చిందేమో కూడా. ఆ గోడౌన్లో ఎవరి దగ్గు ఎవరిదో ఎవరికీ తెలిసేది కాదు. ఆ రోజు నుంచి నా నంబరు పిలిచినప్పుడు మాత్రం నేను పైకి పలకలేదు, బెంచీ మీద తట్టేవాణ్ణి. నోరు తెరిస్తే ఎవరు పలుకుతారోనని భయం.

అలా రెండో వారం సగమయ్యాక ఒక రోజు, రెండో గంట అయ్యాక గోడౌను బయట కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాను. లాడ్జి ఆఫీసు అటెండరు, ముసలాయన, ఒకామెని వెంటబెట్టుకుని సందు మలుపు తిరిగి వచ్చాడు. తెల్లచీర, మెడలో చిన్న సిలువ, ఒక చెప్పు తెగి పిన్నీసు పెట్టి ఉంది. ముఖం చూడగానే తెలిసింది. ఆ నుదురే, ఆ పై పెదవే.

"బాబూ, ముప్పై రెండో నంబరు అబ్బాయి కోసం వచ్చారు. వాళ్ల అక్కయ్యగారు," అన్నాడు అటెండరు. నేను వాడి రూమ్మేటునని గాని, వాడి బదులు పలికానని గాని ఆయనకి తెలియదు.

ఆమె ఆయాసంతోనే మాట్లాడింది. "పది రోజుల్నించీ వార్డులోంచి కదలనివ్వలేదు బాబూ. మా ఊరు మొత్తం పోయింది. అమ్మా నాన్నా దొరికారు, నేనే గుర్తుపట్టాను. మా తమ్ముడు ఆ శుక్రవారం ఊరికి బయల్దేరాడా లేదా, నాకు అదొక్కటే తెలియాలి. ఆఫీసులో గుమస్తాగారు రిజిస్టరు తీసి చూపించారు. మంగళవారం ఉన్నాడు, బుధవారం ఉన్నాడు, శుక్రవారమూ ఉన్నాడు. అంటే వాడు వెళ్లలేదు. బతికి ఇక్కడే ఉన్నాడు. గదికి వెళ్తే తాళం. ఎక్కడున్నాడు బాబూ?"

తడిచేతులు చొక్కాకి తుడుచుకున్నాను. ఒక్క మాట చెప్పాలి. ఆ మాట నా నాలుక మీదే ఉంది. దాని బదులు ఇంకో మాట వచ్చింది.

"మూడో క్యాంపసుకి వెళ్లుంటాడండీ. పొలంలో కొలతలకి స్టూడెంట్లని తీసుకెళ్తున్నారు."

"అదెక్కడ?"

"ఇబ్రహీంపట్నం రోడ్డు. బస్సుంది."

ఆమె నాకు దణ్ణం పెట్టింది. తెగిన చెప్పుతో ఆ సందులో, చేతిబళ్ల మధ్య నుంచి, దాదాపు పరుగెత్తింది.

ఆమె వెనకే ఆ రోడ్డంతా పరుగెత్తుకుంటూ వెళ్లానని రాస్తే బాగుంటుంది. పరుగెత్తలేదు. సోడా కొట్టు దగ్గర నిలబడి ఒక గోళీసోడా తాగాను. రెండోది కూడా అడిగాను. కొట్టువాడు గోళీ నొక్కినప్పుడు లోపలి గాలి కీచుమని అరిచింది. ఆ సీసా అక్కడే వదిలేసి తర్వాతి బస్సెక్కాను.

మూడో క్యాంపసు అంటే పొలంలో పాతిన మేకులు, వాటికి కట్టిన దారాలు. ఈ దారం లోపల సైన్సు, ఆ దారం లోపల లైబ్రరీ. నాలుగు స్తంభాలు నడుమెత్తు లేచి, పైన ఇనుప చువ్వలు విప్పారి ఉన్నాయి. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ గొట్టం సగం కట్టి ఉంది, దాని చుట్టూ పరంజా. గాలివానకి చాలా మేకులు ఊడిపోయి, దారాలు బురదలో చిక్కుపడ్డాయి. వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. ఆమె లైబ్రరీ మధ్యలో నిలబడి ఉంది.

నన్ను చూసి వాచ్‌మన్ అరిచాడు. "బాబూ, మీరన్నా చెప్పండి. గాలివాన కాణ్ణించీ ఈడికి స్టూడెంటన్నవాడు రాలేదంటే అమ్మ ఇనుకోట్లేదు."

దారాలు దాటుకుంటూ దగ్గరికి వెళ్లాను.

"అక్కా, నేను వాడి రూమ్మేటుని."

ఆమె నన్ను చూసింది. మొదట అర్థం కాలేదు. తర్వాత పెదవి మీద నవ్వులాంటిది వచ్చింది. "గొంతులు తీస్తావంట, నువ్వేనా? ఉత్తరాల్లో నీ గురించే రాసేవాడు. మరి అక్కడే చెప్పలేదేం? ఏడీ వాడు?"

"శుక్రవారం నేనే బస్సెక్కించానక్కా."

"ఏ శుక్రవారం?"

"ఆ శుక్రవారమే."

"కాదు. మంగళవారం క్లాసులో ఉన్నాడు. నేను కళ్లారా చూశాను రిజిస్టర్లో."

"అది నేను."

"బుధవారం?"

"నేనే. వాడికి రోజూ చెప్పేవాణ్ణి. అలవాటుగా..." అని ఆగి, "అలవాటు కాదక్కా, బుధవారానికి నాకు తెలుసు," అన్నాను.

"మరి మొన్న శుక్రవారం?"

"అది నాకు తెలీదక్కా. ఒట్టు. ఎవరో దగ్గారు. వాడి దగ్గులాగే ఉంది."

నేను ఆశపడ్డాను, ఆ దగ్గుని ఆమె నమ్ముతుందేమోనని. నమ్మితే నా తప్పులో కొంత దాని మీదికి పోతుంది.

"మిరపకాయల గోడౌన్లో దగ్గు ఎవరిదైతే ఏంటి తమ్ముడూ," అంది.

తడిసి గడ్డకట్టిన సిమెంటు బస్తా ఒకటి పక్కన పడి ఉంటే దాని మీద కూర్చుంది. చెప్పు తీసి, పిన్నీసు విప్పి, మళ్లీ పెట్టుకుంది. వేలికి గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుంది.

"బస్సు ఎన్నింటికి?"

"పదకొండున్నరకి."

"అయితే సాయంత్రం నాలుగింటికి ఊళ్లో దిగుంటాడు. రాత్రికి అమ్మ దగ్గర అన్నం తినుంటాడు." ఆస్పత్రిలో రోగి పక్కన నిలబడి టైము రాసుకునేటట్టు చెప్పింది. "శనివారం పొద్దున గుడి అలంకరిస్తారు. మావిడాకులు కట్టేది వాడే. పొడుగు కదా."

దూరంగా గొట్టం మీద పనివాళ్లెవరో ఇనుము కొడుతున్నారు. దెబ్బ కనిపించిన కాసేపటికి గాని చప్పుడు వినిపించేది కాదు. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను. లేచి చీర దులుపుకుని అడిగింది.

"ఆ రిజిస్టర్లో వాడివి ఎన్ని రోజులు, నీవి ఎన్ని రోజులు?"

"అంటే?"

"నా దగ్గర వాడి ఫొటో లేదు. ఉన్నవి ఊళ్లో పెట్టెతో పాటే పోయాయి. నాకు మిగిలింది నాలుగు ఉత్తరాలూ, ఆ కాగితమూ. అందులో మావాడు నిజంగా ఉన్న రోజులేవో నాకు చూపించు. పద."

తిరుగు బస్సెక్కి గవర్నర్‌పేటలో దిగాం. లాడ్జిలో గుమస్తా భోజనానికి వెళ్లాడు. అటెండరు మా ఇద్దరి ముఖాలూ చూసి, రిజిస్టరు తెచ్చి తొమ్మిదో నంబరు గదిలో బల్ల మీద పెట్టి, తను గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె సంచిలోంచి పెన్సిలు తీసింది. వాడి వరస మీద వేలు పెట్టింది. జూలై నుంచీ గళ్లు, గళ్లలో ఇంగ్లీషు 'పి'లు. అన్నీ మాస్టారి చేతిరాతే. వాడున్న రోజూ, నేనున్న రోజూ ఒకేలా ఉన్నాయి.

"ఇది?"

"వాడే. క్లాసులు మొదలైన రోజు. ప్రెస్సులో ఇంకా చేరలేదు."

ఆమె ఆ గడి మూలన సన్నగా చుక్క పెట్టింది. "ఇది?"

"నేను." చుక్క లేదు.

"ఇది?"

"వాడే. ఆ రోజు పెద్దవాన, ప్రెస్సులో నీళ్లొచ్చి సెలవిచ్చారు. ఇద్దరం ఒకే గొడుగులో వచ్చాం."

అలా కొన్ని చెప్పగలిగాను. పునాదిరాయి నిలబెట్టిన రోజు. మాస్టారి కళ్లజోడు తుమ్ముకి ఊడి బల్ల కిందికి పోతే వాడు దూరి తెచ్చిన రోజు. ఒట్టు పెట్టుకుని చెప్పగలిగినవి అన్నీ కలిపి పదకొండో పన్నెండో. ఆ తర్వాత నాకు ఏమీ గుర్తులేదు. నాలుగు నెలలు పక్కపక్కన బతికాం, ఏ రోజు పక్కన ఉన్నాడో చెప్పలేకపోతున్నాను. వరుసగా "నేను, నేను, నేను" అంటూ పోతుంటే ఆమె పెన్సిలు గాల్లోనే ఆగి ఉంది. నా మాట నాకే భయం వేసింది. ఒక్కొక్క రోజూ నేనే వాణ్ణి తీసేస్తున్నట్టుంది.

సెప్టెంబరు దగ్గర నా పాత జబ్బు తిరగబెట్టింది.

"ఇది వాడే," అన్నాను. "ఆ రోజు సారు కరువు గురించి చెబుతుంటే లేచి అడిగాడు. పండినా కరువెందుకొస్తుందండీ అని. సారు సమాధానం చెప్పలేకపోయారు."

ఆమె చుక్క పెట్టింది. "వాడు అంతే. చిన్నప్పుడు నాన్ననీ అలాగే అడిగేవాడు. తర్వాత?"

నాకు ఊపొచ్చింది. ఇంకో రోజు వాడు బోర్డు మీద సారు వేసిన లెక్క తప్పని చూపించాడు. ఇంకో రోజు క్లాసంతా తుమ్ముతుంటే వీధిలోంచి పెరుగు తెప్పించి అందరి ముక్కులకీ రాయించాడు. ఆమె నవ్వింది. గుమ్మంలో అటెండరు కూడా నవ్వాడు. చుక్కలు పెరిగాయి. గదికొచ్చిన వాడికి రోజూ చెప్పిన అబద్ధాలే ఇప్పుడు ఆమెకి చెబుతున్నానని నాకు తెలుసు. ఆపలేకపోయాను.

"ఇది కూడా వాడే," అన్నాను అక్టోబరులో ఒక గడి మీద. "ఆ రోజు ముందు బెంచీలో కూర్చుని..."

ఆమె పెన్సిలు కదల్లేదు.

"ఆ రోజు వాడు బందర్లో నా దగ్గరున్నాడు," అంది. "జ్వరం. మూడు రోజులు వార్డు చివర మంచం వేసి పడుకోబెట్టాను. సగ్గుజావ తాగనని మొండికేశాడు."

తల దించుకున్నాను. రిజిస్టరు మూసేస్తుందనుకున్నాను.

"చెప్పు," అంది.

"ఏంటక్కా?"

"ముందు బెంచీలో కూర్చుని ఏమన్నాడు?"

నేను ఆమెని చూశాను. ఆమె రిజిస్టరునే చూస్తోంది. చుక్క పెట్టలేదు, పెన్సిలు పక్కన పెట్టింది. నేను చెప్పాను. ముందు బెంచీలో కూర్చున్న సంగతి, సారు అడిగిన ప్రశ్న, వాడి సమాధానం, క్లాసు చప్పట్లు. చప్పట్లు మరీ ఎక్కువయ్యాయని నాకే అనిపించి కొంచెం తగ్గించాను. మొత్తం విని ఆమె తల ఊపింది.

అప్పుడే గుమస్తా వచ్చాడు. భోజనం చేసి వచ్చినవాడి సంతోషంతో, "కనిపించాడాండీ అమ్మగారూ? చెప్పానా ఇక్కడే ఉన్నాడని!" అన్నాడు.

ఆమె రిజిస్టరు ఆయన వైపు తిప్పింది. నవంబరు పేజీ. "ఈ మూడూ కొట్టేయండి. మంగళవారం, బుధవారం, ఈ శుక్రవారం."

"కొట్టెయ్యడమేంటమ్మా, హాజరు ఉంటేనూ?"

"ఇవి మావాడివి కావు."

గుమస్తా నా వంక చూశాడు. ఆయనకి అర్థమైంది. నాకు ఆ క్షణంలో చదువు పోతుందన్న భయం కూడా వేసింది, దాచను. ఆయన గొంతు సవరించుకుని, "దిద్దితే సారు సంతకం ఉండాలమ్మా. నేను పెట్టకూడదు, మీరూ పెట్టకూడదు. రూలు," అన్నాడు.

"మా వార్డులో పోయినవాళ్లకి టైము వేసి సంతకం పెట్టేది నేనేనండీ," అంది. "ఈ రెండు వారాలూ అదే పని. వీడికి కూడా నేనే పెడతాను. ఇవ్వండి."

గుమస్తా ఎర్రసిరా సీసా మూత తీశాడు. మూడు 'పి'ల మీదా అడ్డగీత గీసి, పక్కన 'ఏ' వేశాడు. మూడోది వంకరగా వచ్చింది. ఆమె కలం తీసుకుని మూడింటి పక్కనా తన పొడి అక్షరాలు పెట్టింది. సిరా ఆరేదాకా కూర్చోలేదు. బ్లాటింగు కాగితం తనే అద్ది, ఎత్తి చూసి, ఇంకా అంటుతుంటే మళ్లీ అద్దింది. సాయంత్రం డ్యూటీకి ఎక్కాలి, బందరు బస్సు ఎక్కడాగుతుందని అటెండర్ని అడిగింది.